రెండు పేటల తాడు

ఒక చుక్క పడింది. దాని వెనక ఇంకోటి గొట్టం కొసన ఉబ్బి, పడనా వద్దా అన్నట్టు కాసేపు వేలాడి, పడింది. ఈ వైరస్ మందు గంటసేపు ఎక్కాలట. తొందరగా ఎక్కిస్తే కిడ్నీల మీద పడుతుందని నర్సు రావమ్మ గొట్టానికున్న చక్రాన్ని వేలితో అటూ ఇటూ తిప్పి, గడియారం చూసుకుని మరీ వెళ్లింది. వెళ్తూ వెళ్తూ, "పాపని అస్సలు కదిలించమాకండి పెద్దమ్మగారూ, ఈ నరం దొరకటానికే నాలుగు చోట్ల పొడిచాం, ఇది గానీ పోయిందంటే ఇంకెక్కడ వెతకాలో మాకూ తెలీదు" అంది. అందుకని తెరేసమ్మ కదలడం లేదు. మంచానికీ కిటికీ గోడకీ నడుమ ఇరికించిన ప్లాస్టిక్ కుర్చీ, ఎడమ మోచేతి మడతలో మనవరాలి తల, కుడి అరచేతిలో అట్టముక్క వేసి కట్టిన మనవరాలి చెయ్యి. వీపు మీద చెమట కారుతోంది, తుడుచుకోవడానికి మూడో చెయ్యి లేదు. ఏంజెల్‌కి ఇరవై నెలలు. రెండు రోజులుగా ఏడ్చి ఏడ్చి, ఒళ్లు కర్రలా బిగించి విల్లులా వెనక్కి వంగిపోయి, ఇప్పుడిప్పుడే నిద్రలోకి జారింది. కింద చాప మీద కోడలు కృప, చెప్పులు కూడా విడవకుండా, మందుల చీటీ గుప్పిట్లో పట్టుకుని అలాగే ఒరిగిపోయింది. మూడు రోజుల తర్వాత నిద్ర. లేపడానికి మనసొప్పలేదు అని తెరేసమ్మ తనకు తాను చెప్పుకుంది. చెప్పుకున్నంత మాత్రాన నమ్మాలని లేదు కదా. కృప లేవకూడదనే కోరుకుంటోంది, ఈ గంటా అయిపోకూడదనీ కోరుకుంటోంది, కిటికీలోంచి గుణదల మాత కొండ మీది మైకు పాట వస్తుంటే చెవులు మూసుకోవడానికీ చెయ్యి లేదు.

డాక్టరు సుస్మిత ఈ సీసా తగిలించే ముందు వచ్చింది. కృప అప్పుడు కింద మందుల షాపు లైన్లో ఉంది. ఆ డాక్టరూ చిన్నపిల్లే, ముప్ఫై అయిదు కూడా ఉండవు, మంచం అంచున కూర్చుని, ముసలావిడకి అర్థమయ్యేలా చెప్పాలని ల్యాబు చీటీ వెనక ఒక సున్నా చుట్టింది, దానిలో ఇంకో చిన్న సున్నా. "అమ్మగారూ, ఇది మన ఒంట్లో ఒక కణం అనుకోండి" అంది. తెరేసమ్మ అనుకుంది. ఎయిడెడ్ స్కూల్లో ముప్ఫై ఏళ్లు ఆ కణాన్ని రంగు సుద్దముక్కలతో బోర్డు మీద గీసిన మనిషి, భాగాల పేర్లు రాయకపోతే రెండు మార్కులు కోసేసిన మనిషి, బుద్ధిగా తలూపింది. టీచర్నని చెప్పలేదు. "ప్రతి కణంలోనూ ఒక కాపలా ఉంటదండీ. మన ఆర్‌ఎన్‌ఏ మామూలుగా ఒంటి పేట, దారంలాగా. వైరస్ లోపలికొచ్చి తనని తాను కాపీ చేసుకునేటప్పుడు దాని ఆర్‌ఎన్‌ఏ రెండు పేటలవుతుంది, పేనిన తాడులాగా. ఆ రెండు పేటలు చేతికి తగిలితే చాలు, కాపలావాడు గంట కొట్టేస్తాడు. ఇంటర్‌ఫెరాన్ అని ఒకటి బయటికెళ్తుంది, పక్క కణాలన్నీ తలుపులేసుకుంటాయి. ఆ గంటే లేకపోతే జలుబుకే పోతామండి మనం." అంతవరకూ బాగానే ఉంది. తర్వాత ఆ పిల్ల గొంతు తగ్గించింది. మన సొంత ఆర్‌ఎన్‌ఏ కూడా ఒక్కోసారి మడతపడి తన మీద తనే పెనవేసుకుంటుందట, దాన్ని చూసి కాపలావాడు పొరబడకుండా అక్కడక్కడ ఒక్కో అక్షరం మార్చి ఇది మనదేనని గుర్తు పెట్టే ఎంజైము ఒకటుందట, కొందరు పిల్లల్లో అలాంటి ఏర్పాట్లలో ఏదో ఒకటి చెడి పుడుతుందట. "అప్పుడు ఏ వైరస్సూ లేకపోయినా గంట మోగుతూనే ఉంటదండీ. జ్వరం, స్కాన్‌లో సున్నపు మచ్చలు, అంతా వైరస్ కేసులాగే కనపడుద్ది. ఆ గంట తగ్గించే మాత్రలున్నాయి. పోయింది తిరిగి రాకపోవచ్చు, ఉన్నదన్నా నిలబడుద్ది. కానీ లోపల నిజంగానే వైరస్ ఉంటే, మాత్రలిచ్చి మనమే కాపలా తీసేసినట్టు. అందుకే అడుగుతున్నా. ఈ జబ్బు తల్లి దగ్గర్నుంచి ఒకటి, తండ్రి దగ్గర్నుంచి ఒకటి, రెండు చెడ్డ కాపీలు వస్తేనే వస్తది. మీవాళ్లది మేనరికమా అండీ?"

"కాదండి" అంది తెరేసమ్మ.

అనాలని అనలేదు, అది దానంతటదే వచ్చేసింది. తుమ్ము వచ్చినట్టు వచ్చింది. డాక్టరు ఫైలు తిరగేసి, పాత కాగితాల్లోనూ అదే ఉందని చూపించింది. ప్రతి ఆసుపత్రిలో, ప్రతి కేసుషీటు మీద, పాప పేరు తర్వాత రెండో లైన్లో అవే మూడు అక్షరాలు, ఎన్‌సీఎం, అంటే మేనరికం కాని పెళ్లి. మొదటిసారి రాసింది సిస్టర్ క్రిస్టినా. పాపకి ఎనిమిదో నెలలో, అప్పటిదాకా బోర్లాపడి, కూర్చుని, ముద్దుగా చప్పట్లు కొట్టిన పిల్ల ఒక్క వారంలో అన్నీ మర్చిపోయి వేలాడిపోతే, మఠం కన్యస్త్రీల ఆసుపత్రికి తీసుకెళ్లారు. కేసుషీటు రాసే బల్ల దగ్గర సిస్టర్ క్రిస్టినా, ఆదివారం గుళ్లో తెరేసమ్మ పక్కన నిలబడి పాటలు పాడే మనిషి, పెన్ను ఎత్తి "మేనరికం కాదుగా తెరేసమ్మగారూ?" అంది. కాదుగా అని అడిగాక కాదనక ఏమంటుంది. గుడి రిజిస్టరులో ఒకటి చెప్పి ఆసుపత్రి కాగితం మీద ఇంకోటి చెబితే రెండూ ఒకే మనిషి చెవినే పడతాయి. కాదు సిస్టర్ అంది. ఆ తర్వాత ఎవరూ అడగలేదు. ఒకరి కాగితం చూసి ఇంకొకరు ఎక్కించుకున్నారు, ఆ మూడు అక్షరాలు ఆసుపత్రి నుంచి ఆసుపత్రికి ప్రయాణం చేశాయి, ప్రతిచోటా వైరస్ కోసం వెతికారు. తల్లి రక్తంలో వెతికారు, పాప వెన్నునీటిలో వెతికారు. ఏదీ దొరకలేదు. దొరకకపోయినా మందు మాత్రం ఎక్కిస్తూనే ఉన్నారు, ఇదిగో ఇలాగే, చుక్కా చుక్కా. ఇప్పుడు ఈ పిల్ల డాక్టరు లేచి, "గంటలో మందు అయిపోద్ది, అప్పుడొస్తా, ఈలోపు తాతల వైపైనా చుట్టరికం ఉందేమో గుర్తు తెచ్చుకోండి అమ్మగారూ" అని వెళ్లింది. గుర్తు తెచ్చుకోవాలట.

రెండు పేటల తాడు అంటే ఏమిటో ఆ పిల్లకేం తెలుసు. తెరేసమ్మ అరచేతికి తెలుసు. కొబ్బరిపీచు తాడు, అన్నయ్య జక్కయ్య పురిపెట్టి పేనిన తాడు, గేదెను కట్టేది. దివిసీమ ఉప్పెన నాడు తనకు పన్నెండేళ్లు, అన్నయ్యకు పదిహేను. నీళ్లు తలుపు తోసుకుని వస్తుంటే అన్నయ్య ఆ తాడుతో తనను తాటిచెట్టుకు కట్టేసి, మిగిలిన కొసను తన నడుముకు బిగించుకుని, తెల్లవార్లూ చెవిలో అరుస్తూనే ఉన్నాడు, నిద్రపోమాకే థెరీసా, నిద్రపోతే చస్తావే అని. తెల్లారాక ఆ ముడి విప్పడం ఎవరివల్లా కాలేదు, కొడవలి పెట్టి కోశారు. నడుము చుట్టూ ఒరుసుకుపోయిన ఆ మచ్చ ఇప్పటికీ ఉంది, చీర కట్టుకునేటప్పుడు వేలికి తగులుతుంది. దేవుడిచ్చిన ప్రాణం ఒకటైతే అన్నయ్య ఇచ్చింది ఇంకోటి. ఆ తర్వాత అమ్మ మారిపోయింది. ఎక్కడ ఏ కొబ్బరాకు కదిలినా, బందరు రేవులో ప్రమాద సూచిక ఎగరేశారని ఎవరన్నా అన్నా, అనకపోయినా, పిల్లలిద్దర్నీ లాక్కుని గుళ్లోకి పరిగెత్తేది, పీఠం ముందు కూర్చోబెట్టి తెల్లవార్లూ జపమాల చెప్పించేది. పొయ్యి వెలిగేది కాదు, పొలం పని సాగేది కాదు, గాలి వాన కూడా కాని గాలికి ఇల్లంతా తలుపులు బిడాయించుకుని కూర్చునేవాళ్లు. మూడేళ్లు అలా బతికాక అమ్మ ఒంట్లో ఏమీ మిగల్లేదు. ఉప్పెన అమ్మను ఏమీ చెయ్యలేదు, రాని ఉప్పెనే చేసింది. ఒళ్లో ఏంజెల్ నిద్రలోనే ఉలిక్కిపడింది, పిడికిళ్లు బిగిశాయి, లోపల ఎక్కడో ఎవరో గంట కొట్టినట్టు. ఏం లేదమ్మా, ఏం రాలేదు, గాలే, ఒట్టి గాలే అని తెరేసమ్మ పెదవులు కదిపింది. ఆ కణాలకు చెవులుంటే ఎంత బాగుండేది.

ఇంకో చుక్క. కాలు తిమ్మిరెక్కుతోంది, కుడి కాలు, పాదం దగ్గర మొదలై పిక్కలోకి పాకుతోంది. సీసాలో ఇంకా సగం ఉంది. అన్నయ్య కడుపు కూడా ఆఖర్లో ఈ సీసాలానే నీళ్లతో నిండిపోయి ఉండేది, లివరు పోయింది, డాక్టర్లు వారాల్లో చెప్పారు. అప్పుడు అడిగాడు, నా పిల్లని నీ పిల్లాడికి చేసుకో థెరీసా, కళ్లారా చూసి పోతాను అని. ఏం కావాలని అడిగినా ఇచ్చి ఉండేది. జాన్ పాల్‌కి ఆటోనగర్లో లారీ రేడియేటర్ల షెడ్డు ఉంది, కృపంటే చిన్నప్పట్నుంచీ వాడికి ఇష్టమే, కృపకి బావంటే ప్రాణం, చుట్టాలంతా సంబరపడ్డారు. ఒక్కటే అడ్డం. మేనత్త కొడుక్కి చెయ్యాలంటే బిషపుగారి దగ్గర్నుంచి మినహాయింపు కాగితం రావాలి, దానికి వారాలు పడుతుంది. విభూది బుధవారం ఇంక పన్నెండు రోజుల్లో ఉంది, అది దాటితే తపస్సు కాలం, ఈస్టరు దాకా గుళ్లో పెళ్లిళ్లుండవు. అన్నయ్య ఈస్టరు దాకా ఉండడు. ఫాదర్ గారు కొత్తగా వచ్చారు, వీళ్ల ఊరు తెలియదు, అన్నయ్య వాళ్లది వేరే విచారణ, వేరే గుడి కింద. ఇంటిపేర్లు ఎలాగూ వేరు. ఆయన రిజిస్టరు ముందు పెట్టుకుని, పెళ్లికొడుకు తల్లి పుట్టింటిపేరు ఏమిటమ్మా అని అడిగారు. పసల అని చెప్పాలి, పెళ్లికూతురు ఇంటిపేరూ పసలే. పసల అని చెబితే పెన్ను ఆగిపోతుంది. గాదె అని చెప్పింది తెరేసమ్మ, అమ్మ పుట్టింటిపేరు. గాదె తెరేసమ్మ. గంట కూడా పట్టలేదు తండ్రి ఇల్లు చెరిపేసుకోవడానికి. బయటికొచ్చి మాత వైపు తిరిగి మొక్కుకుంది, ఏ ఆటంకం లేకుండా ఈ పెళ్లి జరిగిపోతే గుణదల కొండ చెప్పుల్లేకుండా ఎక్కి సిలువ దగ్గర కొవ్వొత్తి వెలిగిస్తాను తల్లీ అని. పెళ్లి జరిగింది. కోడలికి మాత్రం ఒకటి నేర్పించాల్సి వచ్చింది, గుళ్లో వాళ్ల ముందు జాన్ పాల్‌ని బావా అనకు, ఏవండీ అను అని. కృప నవ్వింది మొదట్లో. తర్వాత ఇంట్లో కూడా ఏవండీనే అలవాటైపోయింది. అన్నయ్య తపస్సు కాలంలోనే పోయాడు, నవ్వు మొహంతోనే.

మొక్కు తీర్చాల్సిన ఏడు తెరేసమ్మ మోకాళ్లు మొండికేశాయి. మొక్కింది అత్త అయితేనేం, కోడలెక్కితే మాత కాదంటుందా అనుకుంది, ఐదో నెల కడుపుతో ఉన్న పిల్లని ఫిబ్రవరి తిరునాళ్లలో, తోసుకునే జనంలో, చెప్పుల్లేకుండా పైకి పంపింది. తను కింద కొబ్బరికాయల కొట్ల దగ్గర నీడలో కూర్చుంది. మూడో రోజు కృపకి జ్వరం. నాలుగు రోజులుండి తగ్గిపోయింది, అందరూ మర్చిపోయారు. ఏంజెల్‌కి ఎనిమిదో నెలలో స్కాన్ తీసి, కడుపులో ఉండగా ఏదైనా వైరస్ సోకిందేమో, తల్లికి అప్పట్లో జ్వరం వచ్చిందా అని డాక్టరు అడిగిన రోజున మళ్లీ గుర్తొచ్చింది. వచ్చిందండి అని కృప చెప్పింది, చెప్పిన క్షణాన ఆ పిల్ల మొహం తెరేసమ్మ చూసింది. చూసి కూడా ఊరుకోలేదు. ఇంటికొచ్చే ఆటోలో అంది, వన్‌టౌన్ వైపు తిరిగే దగ్గర తోపుడుబళ్లు అడ్డమొచ్చి ఆటో ఆగిపోయింది, ముందుకూ వెనక్కూ కదల్లేక ముగ్గురూ అందులో ఇరుక్కుపోయి ఉన్నారు, అప్పుడంది. "ఆ జనంలో ఏం పురుగు అంటించుకొచ్చావోనే." ఒక్కసారే అంది. రెండోసారి అనాల్సిన పనే పడలేదు. ఆ మాట కృప లోపలికి పోయి అక్కడ తనని తాను కాపీ చేసుకుంటూ కూర్చుంది. అప్పట్నుంచి ఆ పిల్ల జనంలోకి పోదు, గుడికి పోతే వెనక గుమ్మం దగ్గరే నిలబడుతుంది, రోజుకు పదిసార్లు చేతులు కడుగుతుంది, పాపని ముద్దు పెట్టుకునేటప్పుడు ఊపిరి బిగబట్టుకుంటుంది. కొండ మీంచి పాట వినిపించినప్పుడల్లా టీవీ పెంచుతుంది. ఇవన్నీ తెరేసమ్మకు తెలుసు. ఎలా తెలుసంటే, తనే చేసింది కాబట్టి తెలుసు.

క్రిస్మస్ ముందు ఏంజెల్ కాలివేళ్లు ఊదారంగు తిరిగాయి. ఉబ్బి, పగిలి, చెవుల అంచులు కూడా. మంచు కురిసే దేశాల్లో వస్తాయి అలాంటి పుళ్లు, బెజవాడలో డిసెంబరంటే ఒక దుప్పటి ఎక్కువ, అంతే. చలిపుళ్లు ఈ ఊళ్లో ఎక్కడివి. జీవశాస్త్రం చెప్పిన బుద్ధి ఊరుకోదు, ఫోను తీసింది, కళ్లజోడు పెట్టుకుంది. పసిబిడ్డ, చలిపుళ్లు, మెదడులో సున్నం, వైరస్ దొరకలేదు అని ఒక్కొక్క ముక్కా పెట్టింది, అది దాచిపెట్టకుండా చెప్పేసింది. వైరస్సే కాదు. రక్తసంబంధీకుల పెళ్లిళ్లలో ఎక్కువ. తెరేసమ్మ ఇంకా చదివింది. గంట మోగిన కణం ప్రోటీన్లు చేయడం ఆపేస్తుందని, వచ్చిన ఆర్‌ఎన్‌ఏని ముక్కలు చేసే కత్తెరను బయటికి తీస్తుందని, ఆ కత్తెరకు తనా పర అనే తేడా ఉండదని, తన కాగితాలు తనే చింపుకుంటుందని, చింపిన ముక్కల్ని చూసి కాపలావాడు మళ్లీ గంట కొడతాడని. చదివి, ఫోను బోర్లించి, పక్కగదిలో పశువులపాక బొమ్మలు సర్దుతున్న కృపని పిలవకుండా, కాలివేళ్లకి కొబ్బరినూనె రాసింది. బఠాణీ మొక్కలు, మెండెలు, నలుగురిలో ఒకరికి. ముప్ఫై ఏళ్లు. పరీక్షలో తప్పకుండా వచ్చే ప్రశ్న అని చెప్పి చెప్పి రాయించింది, చతురస్రం మగవాళ్లకి, వృత్తం ఆడవాళ్లకి, దగ్గర చుట్టాలు చేసుకుంటే మధ్యలో రెండు గీతలు. పాఠం చెప్పే తెరేసమ్మ వేరు, సంబంధాలు కలుపుకునే తెరేసమ్మ వేరు, ఇద్దరూ ఒకే ఇంట్లో ఉంటూ ఏనాడూ మాట్లాడుకోలేదు.

సీసాలో రెండు వేళ్ల మందం మిగిలింది. తిమ్మిరి తొడలోకి వచ్చింది, పాదం తనది కాదిప్పుడు. చెప్పొచ్చు. కాలు కదపలేకపోయినా నోరు కదపొచ్చు. చెబితే ఏమవుతుంది. మినహాయింపు లేని పెళ్లి గుళ్లో చెల్లదు, తనే కదా పెళ్లి చేసుకోబోయే జంటలకి విచారణలో శనివారం క్లాసులు చెప్పేది, చుట్టరికం దాచకండి అని వేలెత్తి మరీ చెప్పేది. ఫాదర్ గారి ముందు నిలబడాలి, గుళ్లోని మరియదళం ఆడవాళ్లు గుసగుసలాడతారు, సిస్టర్ క్రిస్టినా ఏమీ అనదు, ఆమె అనకపోవడమే భరించలేం. అయితే అవన్నీ సర్దుకునేవే, మళ్లీ కాగితం రాసి సరిచేయించుకోవచ్చని కూడా తెలుసు, ఆ మాటా తనే చెబుతుంది క్లాసుల్లో. అసలు భయం అది కాదు. చాప మీద ఉంది అసలు భయం, చెప్పులతో, నోరు కాస్త తెరుచుకుని, అన్నయ్య గడ్డంతో. ఆ పిల్ల లేచి, ఇది నా వల్ల రాలేదా అని అడుగుతుంది. రాలేదు అనాలి. మరి ఏడాదిగా నన్నెందుకు అలా ఉండనిచ్చారు అని అడుగుతుంది. దానికి ఏమనాలి. చెప్పకపోతే ఏమవుతుందో కూడా తెలుసు. డాక్టరు ఇంకో వారం వైరస్ మందే ఎక్కిస్తుంది, ఇంకో నాలుగు నరాలు, పాప ఇంకొంచెం మర్చిపోతుంది. ఇప్పటికి చప్పట్లు పోయాయి, కూర్చోవడం పోయింది. నాయనమ్మ గొంతు వింటే తల తిప్పడం ఇంకా ఉంది. అదొక్కటీ ఉంది. నిద్రపోమాకే థెరీసా అన్నాడు అన్నయ్య. పాపసంకీర్తనంలో కూడా చెప్పలేదు ఇది, మూడేళ్లుగా గుడిలో పరదా అవతల ఉన్న చెవికి చిన్నచిన్న పాపాలు ఏరి ఏరి చెప్పొచ్చింది, కోపగించుకున్నానండి, జపం మానానండి. తలుపులన్నీ వేసుకుని కూర్చుంది లోపల, ఎవరూ రాకుండా. బయట ప్రమాదమేమీ లేదు. లోపలే ఉంది, లోపలే పుట్టింది, తన ఇంటిపేరుతోనే.

చుక్కలు ఆగిపోయాయి. గొట్టంలో గాలి బుడగ ఒకటి నెమ్మదిగా కిందికి దిగుతోంది. రావమ్మ వచ్చి చక్రం మూసేసి, సూదిని కదల్చకుండా గొట్టం విడదీసి, "హమ్మయ్య, నరం నిలబడింది" అంది. తెరేసమ్మ కుడి చెయ్యి ఖాళీ అయింది, వేళ్లు మాత్రం ఇంకా పాప చేతిని పట్టుకున్నట్టే వంగి ఉన్నాయి. తలుపు చప్పుడుకి కృప ఉలిక్కిపడి లేచి కూర్చుంది, చీటీ కోసం వెతుక్కుంది, అది గుప్పిట్లోనే ఉంది. డాక్టరు సుస్మిత ఫైలు చంకలో పెట్టుకుని లోపలికొచ్చింది.

"గుర్తొచ్చిందా అమ్మగారూ?"

"పెన్ను ఇటివ్వండి" అంది తెరేసమ్మ.

ఆ పిల్ల గీసిన చీటీ మంచం మీదే ఉంది. రెండు సున్నాల పక్కన ఉన్న ఖాళీలో మొదట పైన రాసింది, పసల వారు అని, గుండ్రటి అక్షరాలతో, బోర్డు మీద రాసినట్టు. దాని కింద ఒక చతురస్రం, జక్కయ్య. పక్కన ఒక వృత్తం, తెరేసమ్మ. అన్నాచెల్లెళ్లని పైనుంచి గీత కలిపింది. జక్కయ్య కింద వృత్తం, తెరేసమ్మ కింద చతురస్రం, పేర్లు రాయకపోతే మార్కులు పోతాయి కాబట్టి రాసింది. ఆ రెండింటి మధ్య ఒక గీత గీసింది. పెన్ను ఆగింది. దాని కిందనే, ఆనుకుని, ఇంకో గీత గీసింది.

డాక్టరు ఆ రెండు గీతల్ని చూసింది. "మీరేం చేసేవారండీ?" అంది.

"టీచర్నండీ. టెన్త్ క్లాసుకి బయాలజీ. ఈ పాఠం ముప్ఫై ఏళ్లు చెప్పా."

ఆ పిల్ల ఫైలు తెరిచి, రెండో లైన్లోని మూడు అక్షరాల మీద అడ్డంగా కొట్టేసి, పక్కన కొత్తగా రాసి, సంతకం పెట్టింది. "రక్తం ఈరోజే పంపిద్దాం. రాత్రి డోసు ఆపేస్తున్నా. మాత్రల సంగతి పాప నాన్నగారు కూడా వచ్చాక మాట్లాడదాం" అంది.

"ఏంటత్తయ్యా అది?" అంది కృప.

"పాపకి ఏ పురుగూ అంటలేదమ్మా. నువ్వు కొండెక్కినందుకు కాదు. నీ జ్వరం కాదు." తెరేసమ్మ చీటీ మీది రెండు గీతల్ని వేలితో చూపించింది. "నీలో ఒక చెడ్డ కాపీ ఉంది, వాడిలో ఒకటుంది, రెండూ మా అమ్మానాన్నల దగ్గర్నుంచి వచ్చినయ్యే. నేనే తీసుకొచ్చి కలిపా. కలిపి, కాదని చెప్పుకుంటూ తిరిగా."

కృప చీటీ వైపు చూసింది, పాప వైపు చూసింది. ఏడవలేదు. కూర్చున్నచోటే ముందుకు వంగి, చాలా నెమ్మదిగా అడిగింది, "మీకిది ఎప్పట్నుంచి తెలుసు?"

ఇందాకే డాక్టరుగారు చెప్పారు అనే మాట నాలుక కొసన సిద్ధంగా ఉంది. అబద్ధం కూడా కాదది, ఇందాకే చెప్పింది నిజమే.

"క్రిస్మస్ నుంచి" అంది తెరేసమ్మ.

కృప లేచి వచ్చింది. అట్టముక్క కట్టిన చేతిని జాగ్రత్తగా పక్కకి జరుపుతూ, అత్తగారి మోచేతి మడతలోంచి పాపని రెండు చేతులా ఎత్తుకుంది. ఎత్తుకుని మొహం పాప మెడలో దాచి, లోపలిదాకా గట్టిగా ఊపిరి పీల్చింది, ఒకసారి, ఇంకోసారి. తర్వాత కిటికీ దగ్గరికి పోయి ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించింది. కొండ మీది పాట వినిపిస్తూనే ఉంది, కిటికీ మూయలేదు.

"బావా, షెడ్డు కట్టేసి రా." అవతల జాన్ పాల్ ఏదో అడిగినట్టున్నాడు. "ఆఁ, బావా అనే అన్నా. ఇక్కడే, డాక్టరుగారి ముందరే. నువ్వు రా ముందు."

తెరేసమ్మ లేవబోయింది. కాలు నిలబడలేదు. కుర్చీ చెయ్యి పట్టుకుని మళ్లీ కూర్చుంది. చేయిచ్చి లేపుతుందేమోనని కృప వీపు వైపు కాసేపు చూసింది, ఆ పిల్ల ఇటు తిరగలేదు. ఏంజెల్ కళ్లు తెరిచింది, తల్లి భుజం మీంచి నాయనమ్మ గొంతు ఎటు ఉందో అని తల తిప్పి వెతుకుతోంది. తెరేసమ్మ పిలవలేదు, పిలవడానికి ఇప్పుడు కృపని అడగాలి.